మూడో బందు

మా మామగారు ఎవరింటికి వెళ్ళినా ముందు ఆ ఇంటి తలుపును పలకరిస్తారు, మనుషుల వంతు తర్వాత. తెరుస్తారు, మూస్తారు, సగంలో వదిలేసి అది తనంతట తాను కదులుతుందేమో చూస్తారు. కదిలిందా, ఆ ఇంటివాళ్ళ మీద ఆయనకున్న గౌరవం కాస్త తగ్గినట్టే. జీవితమంతా ఇళ్ళకు తలుపులు బిగించిన వడ్రంగి. పేటలో అందరూ తలుపుల మేస్త్రీ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

తమ అమ్మాయిని నాకిచ్చే ముందు నేనెలాంటివాణ్ణో చూడటానికి నా అద్దె గదికి వచ్చారు. వచ్చి నాతో మాట్లాడింది తక్కువ, నా స్నానాలగది తలుపుతో మాట్లాడింది ఎక్కువ. అది కింద నేలను రాసుకుంటూ ఉండేది. నేనేమో దానికి అలవాటు పడిపోయి, కాలితో తన్ని తెరిచేవాణ్ణి. ఆయన సంచిలోంచి చిత్రిక తీసి, తలుపు ఊడదీసి, అడుగు కాస్త చెక్కి, మళ్ళీ బిగించి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. నా ఉద్యోగమేమిటో కూడా అడగలేదు. పిల్ల నచ్చిందా అని నన్నూ అడగలేదు. సంబంధం ఖాయమైందని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. పెళ్ళయిన చాలాకాలానికి మా ఆవిడ అసలు సంగతి చెప్పింది: "తలుపుని తన్నేవాడే గానీ మనిషి నెమ్మదస్తుడు, మార్చుకోవచ్చు" అన్నారట.

అత్తగారిది ఇంకో లోకం. ఊరికి అటు చివర ఒక హాల్లో వారానికి రెండు సాయంత్రాలు కుట్టుపని నేర్పుతారు. కొలతలు తీసుకునేటప్పుడు టేపు కూడా పెట్టరు, మనిషిని ఒకసారి పైనుంచి కిందిదాకా చూస్తారు, అంతే. మేమూ వాళ్ళింటికి దగ్గర్లోనే ఉంటాం, ఆ చూపుకి మా వీధిలో పెద్ద పెద్దవాళ్ళే సర్దుకుని నిలబడతారు. మనిషి భారీగా ఉంటారు. నేనూ ఏం తక్కువవాణ్ణి కాను గనుక ఆ మాట అనే హక్కు నాకుందనుకుంటున్నాను. మోకాళ్ళు మాత్రం ఆవిడ మాట వినడం మానేసి చాలాకాలమైంది.

ఇక కారు. ఆయన పని మానేసిన ఏడాది కొన్న పాత కారు. అప్పటికే అది రెండు చేతులు మారింది. సీట్లు బాగా కిందికి ఉంటాయి. కూర్చోవడం తేలికే, లేవడమే ఒక ఘనకార్యం. అత్తగారు ముందు రెండు కాళ్ళూ బయట పెడతారు. అద్దం దించిన తలుపు అంచును రెండు చేతులతో పట్టుకుంటారు. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లేస్తారు. ఆ ఊపుకు తలుపు ప్రతిసారీ పిసరంత కిందికి దిగుతూ వచ్చింది. ఏళ్ళు గడిచేసరికి దాన్ని మూయడానికి ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో విద్య అయింది. నేను మోకాలితో పైకెత్తి తుంటితో నెట్టేవాణ్ణి. మా ఆవిడ రెండు చేతులతో ఎత్తి, నలుగురూ ఉలిక్కిపడేలా బాదేది. మామగారు దాన్ని చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి, చప్పుడు కాకుండా మూసేవారు.

తలుపు ఎందుకు జారిందంటే ఎవరి సమాధానం వాళ్ళకుండేది. రోడ్లు బాగాలేవనేవాళ్ళం. కారు చేసినవాళ్ళు ఇనుములో కక్కుర్తి పడ్డారనేవాళ్ళం. పాత యజమాని మంచివాడు కాదని కూడా అనుకున్నాం, పాపం ఆయన్ని మాలో ఎవరూ చూడనైనా లేదు. అసలు కారణం అందరికీ తెలుసు. ఎవరి నోటా రాదు. అలాంటి నిజాలు ఇంటికొకటి ఉంటాయి, వాటిని కదపకుండా ఉంటేనే సంసారాలు సాగుతాయి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా ఆవిడ మనసు చాలా మంచిది.

ఒకరోజు తను కారును మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను తలుపును పైకీ కిందికీ ఊపి చూసి, "దీన్ని పట్టుకుని ఎవరో వేలాడుతున్నారమ్మా. అది మానేస్తే తప్ప ఎన్నిసార్లు చేసినా ఇంతే" అన్నాడట. విన్న మాట విన్నచోటే వదిలేసి రావచ్చు కదా. ఆ రాత్రి అత్తగారింట్లో భోజనాల దగ్గర, నీళ్ళ చెంబు అందిస్తున్నంత తేలిగ్గా అనేసింది.

"అమ్మా, నువ్వు తలుపు పట్టుకుని వేలాడుతున్నావట. మెకానిక్కు చెప్పాడు."

నేను కంచంలోకి చూశాను. మామగారు గోడవైపు చూశారు. అత్తగారు పెట్టుకున్నదంతా తిన్నారు, కంచం కడిగి బోర్లించారు, వెళ్ళి పడుకున్నారు. ఆవిడ తిట్టి ఉంటే నాకింత భయం వేసేది కాదు.

తర్వాతి క్లాసు రోజున ఒంట్లో బాగాలేదన్నారు. ఆపై క్లాసు నాటికి వానొచ్చేట్టుందన్నారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఆ తర్వాత ఫోనులో ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడటం విన్నాం. ఈ నెలాఖరుదాకా పాత విద్యార్థి ఒకామె చూసుకుంటుందట, అప్పటికీ ఈవిడ రాకపోతే హాలువాళ్ళు కొత్త టీచరును పెట్టుకుంటారట. ఫోను పెట్టేసి, కుట్టు మిషను మీద గుడ్డ కప్పేశారు. దాని ముందే కుర్చీ వేసుకుని, కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చునేవారు.

మా ఆవిడ చేసిన పనికి కుమిలిపోయింది. దిద్దుకుందామని వెళ్ళి ఇంకాస్త చెడగొట్టింది.

"అమ్మా, నేను కూడా వస్తాను. నేను చెయ్యిచ్చి దింపుతాలే."

"దింపడానికి నేనేమైనా మూటనా?" అన్నారు అత్తగారు. "నా దగ్గర నేర్చుకునేవాళ్ళు మెట్ల మీదే నిలబడి ఉంటారు. వాళ్ళందరి ముందూ నన్ను మోసుకుని దింపుతారా? ఆ వేడుక నాకొద్దు. నాకెందుకు క్లాసులూ గట్రా, ఇంట్లో హాయిగా ఉంది."

హాయిగా ఉన్న మనిషి ముఖం అలా ఉండదు. పుండు మీద కారం చల్లానని మా ఆవిడ వంటగదిలోకి వెళ్ళి ఏడ్చింది.

మామగారు ఆదివారం పొద్దున్నే ఇంటిముందు కారు పక్కన పాత దుప్పటి పరిచి, పనిముట్ల పెట్టె తెచ్చి, నాకు కబురు పెట్టారు. నేను టైల్సు అమ్ముకునేవాణ్ణి, కార్ల సంగతి నాకేం తెలుసు? వెళ్ళాక అర్థమైంది, ఆయనకు కావలసింది నా తెలివి కాదు, నా మోకాళ్ళు.

"అల్లుడూ, ఇలా కూర్చో. తలుపు ఊడి వస్తుంది, ఒడిలో పట్టుకో. కింద పెట్టకు, అంచు నొక్కుకుపోతుంది."

"జాకీ పెట్టొచ్చు కదా మామగారూ?"

"జాకీకి చేతులుంటాయా?"

జాకీ కూడా పెట్టారు, దాని మీద తన పాత దిండు పెట్టారు, అయినా నన్ను లేవనివ్వలేదు. తలుపును కారుకు పట్టి ఉంచే బందుల్లోంచి పిన్నులను సుత్తితో కొట్టి తీశారు. బయటికొచ్చిన పిన్నులు నడుం సన్నబడి ఉన్నాయి. వాటికి కడియాల్లా తొడిగే ఇత్తడి బుష్షులు గుండ్రంగా ఉండవలసింది కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. పై బందు బిగించిన చోట, కారు ఒంటి రేకులోనే సన్నని పగులు. ఆయన ఆ పగులు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచారు. డాక్టరు నాడి చూస్తున్నాడనుకోవాలి ఎవరైనా.

కొత్త పిన్నులు, బుష్షులు మెకానిక్కే తెచ్చిచ్చాడు, తన మాట వల్ల ఇంత జరిగిందని అతనికీ తెలిసింది మరి. పగులుకు లోపలినుంచి దళసరి ఇనప పలక వేసి అతకడానికి కిటికీ గ్రిల్లులు చేసే వెల్డరు వచ్చాడు. అంతటితో ఆగితే ఎవరైనా సరేననేవారు. మామగారు ఆగలేదు. పెట్టె అడుగునుంచి నూనెగుడ్డలో చుట్టిన బలమైన ఇనప బందు ఒకటి తీశారు. ఎప్పుడో ఏదో పెద్దింటి సింహద్వారానికి తెప్పిస్తే మిగిలిపోయిందట.

"ఇదెక్కడికి?" అన్నాడు మెకానిక్కు.

"నడుముకి. రెంటికీ మధ్యలో."

"కారు తలుపుకి రెండే బందులుంటాయి మేస్త్రీ! ఎక్కడైనా మూడు చూశావా?"

"మూడు బందులు లేని తలుపు తలుపేనా?"

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకయ్యా? కారు చేసినవాళ్ళకి తెలీదా ఎన్ని పెట్టాలో?"

"వాళ్ళకి మా ఇంటి సంగతి తెలీదు" అన్నారు మామగారు. అనేసి, గబుక్కున కిటికీ వైపు చూశారు. కిటికీలో అత్తగారు లేరు. ఆయన ఊపిరి వదిలి, బందును తుడవడం మొదలుపెట్టారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదని మెకానిక్కు వెళ్ళిపోయాడు. మూడు బందులూ ఒకే గీతలో లేకపోతే తలుపు ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. ఆ గీత కోసం ఆయన పైనుంచి కిందికి దారం లాగి కట్టి, ఒక కన్ను మూసి, నేల మీద పడుకుని, లేచి, మళ్ళీ పడుకుని చూశారు. నేను తలుపును ఒళ్ళో పెట్టుకుని, దారిన పోయేవాళ్ళందరికీ సమాధానం చెబుతూ కూర్చున్నాను. "ఏంటండీ, తలుపు కొన్నారా?" అని ఒకాయన. "విడిగా కూడా అమ్ముతున్నారా?" అని ఇంకొకాయన. అల్లుడి మర్యాదలంటే ఇవేనని నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

సాయంత్రానికి తలుపు ఎక్కింది. మామగారు ఒక్క వేలితో నెట్టారు. టక్కున పడింది. అంత చక్కని చప్పుడు ఆ కారులోంచి నేనెప్పుడూ వినలేదు. తెరిచి సగంలో వదిలారు. ఉన్నచోటే ఉంది. ఆయన ముఖం చూసి నాకు సంతోషమేసింది, నడుం నొప్పి కూడా కాస్త తగ్గింది.

"ఒక చుట్టు తిప్పుకురా" అన్నారు.

తిప్పుకొచ్చాను. పెద్ద రోడ్డు ఎక్కి కాస్త వేగం అందుకోగానే కారు ఈల వేయడం మొదలుపెట్టింది. మామూలు ఈల కాదు. పక్కన వెళ్ళేవాళ్ళు నా వైపు తిరిగి, పెద్దమనిషివి ఇదేం బుద్ధి అన్నట్టు చూశారు. ఇంటికొచ్చి చూస్తే, తలుపుకూ వెనక అంచుకూ మధ్య నాణెం దూరేంత సందు. పైనుంచి కిందిదాకా, గీత గీసినంత తిన్నగా.

"మామగారూ, ఈ సందేంటి?"

"ఉండాలి కదా. వానాకాలం తలుపు ఉబ్బితే ఎక్కడికి పోతుంది? సందు వదలకపోతే పట్టేస్తుంది."

ఊరుకుందామనే అనుకున్నాను. పెద్దాయన. పైగా మామగారు. కానీ నోరు ఆగలేదు. మా ఆవిడతో కాపురం చేస్తున్నాను కదా.

"ఇనుము ఉబ్బుతుందా మామగారూ?"

ఆయన తలుపు వంక చూశారు. సందు వంక చూశారు. జేబులోంచి నాణెం తీసి సందులో పెట్టి చూసుకున్నారు, అది సరిగ్గా పట్టింది. కొలత మాత్రం ఎక్కడా తప్పలేదు.

"ఉబ్బదు కదా" అన్నారు చివరికి.

కిటికీలోంచి ఒక నవ్వు వినిపించింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, దగ్గుగా మారి, మళ్ళీ నవ్వయిపోయిన నవ్వు. ఎన్ని రోజులైందో ఆ ఇంట్లో అది వినబడి. మామగారు తలెత్తకుండా స్పానరు అందుకున్నారు, కానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తప్పు చేసి అంత ఆనందపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాడు నా దుకాణానికి సెలవు. నేను పెట్టుకున్న సెలవు కాదు, ఆయన ప్రకటించిన సెలవు. మళ్ళీ తలుపు నా ఒడిలోకి వచ్చింది. బందుల వెనక రేకుముక్కలు సర్ది, తలుపును వెనక్కి జరిపి, మళ్ళీ దారం లాగి, మళ్ళీ నేల మీద పడుకుని లేచి, చివరికి బిగించారు. ఈసారి ఈల లేదు. కాగితం దూరేంత సందే మిగిలింది.

ఇక బలం చూడాలి. మామగారు అద్దం దించి, తలుపు అంచు పట్టుకుని, కాళ్ళు పైకి లేపి వేలాడారు. ఆయన వేలాడితే తలుపు మీద తువ్వాలు ఆరేసినట్టుంది. తలుపు కదల్లేదు, కదలడానికి దానికి కారణమూ లేదు. దిగి, నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూశారు.

"అల్లుడూ, నువ్వు కాస్త వేలాడు."

వేలాడాను. ఊగమన్నారు, ఊగాను. తలుపు రాయిలా నిలబడింది. నాకు సిగ్గుగా కూడా ఉంది, ఎదురింటివాళ్ళు టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు మరి. మామగారికి మాత్రం తృప్తి కలగలేదు. గడ్డం గోక్కున్నారు. ఇంటివైపు ఒకసారి, నావైపు ఒకసారి చూశారు. మనసులో ఏదో కూడిక చేసుకుంటున్నారు. నా బండి మీద టైల్సు అతికించే పొడి సంచి ఒకటి ఉంది. ఆయన దాన్ని అతికష్టం మీద ఈడ్చుకొచ్చి, ఎదురింటాయన సాయంతో నా భుజానికెత్తారు.

"ఇదెందుకు మామగారూ?"

"చాలదు" అన్నారు రహస్యంగా. "నువ్వొక్కడివే చాలవు."

నేను సంచితో సహా తలుపు పట్టుకున్నానో లేదో, కిటికీ రెక్కలు దభాలున తెరుచుకున్నాయి.

"ఏవండీ! నేనంత ఉండను!"

టీ కప్పులు గాల్లోనే ఆగాయి. అత్తగారు కిటికీ చువ్వలు పట్టుకుని, అన్నమాట వెనక్కి తీసుకోలేక, అలాగే నిలబడిపోయారు. ఇంట్లో ఎవరి నోటా రాని నిజం ఆవిడ నోటినుంచే, అదీ వీధి వినేలా వచ్చేసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి ఆవిడ గోడ పట్టుకుని, మెల్లగా అడుగులేస్తూ బయటికి వచ్చారు.

"ముందు ఆ సంచి దించండి. అల్లుడి నడుం విరిగితే పిల్లకి ఏం జవాబు చెప్తారు?"

"అది కాదే, తలుపుకి ఎప్పుడూ కాస్త ఎక్కువే చూసుకోవాలి. వానాకాలం..."

"వానాకాలం ఉబ్బేది నేనా?"

ఎదురింటాయన ముందు నవ్వాడు. తర్వాత నేను. సంచి కింద పడింది, పొడి లేచి ముగ్గురం తెల్లబడ్డాం. అత్తగారు కూడా నవ్వారు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకో ఇంకెందుకో చెప్పలేను. మామగారు మాత్రం నవ్వకుండా తలుపు తెరిచి పట్టుకుని, ఎక్కి చూడమన్నట్టు నిలబడ్డారు.

ఆవిడ ఎక్కలేదు. తలుపును పైనుంచి కిందిదాకా, కొలత తీసుకునే చూపుతో చూశారు. "ఇక్కడ లేచి ఏం లాభం" అని లోపలికి వెళ్ళిపోయారు.

క్లాసు రోజు వచ్చింది. నెలాఖరులోపల అదే చివరి క్లాసు. నేను ఊరికే వచ్చినట్టు వచ్చి కూర్చున్నాను, మా ఆవిడను మాత్రం నోరు తెరవనని ఒట్టు వేయించి వంటగదిలో ఉంచాను. గోడ గడియారం కింద మామగారు కారు తాళం చేతిలో తిప్పుతూ తిరుగుతున్నారు. అత్తగారు మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టారు. కత్తెర, టేపు, సుద్దముక్కలు సంచిలో వేసుకున్నారు. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "ఎవరైనా తీసుకెళ్తారా, నడిచి పొమ్మంటారా?" అన్నారు. ఆయన నాకంటే ముందు కారు దగ్గరున్నారు.

దారంతా నేను వెనక సీట్లో కూర్చుని, నా మోకాళ్ళ కష్టం వృథా కాకూడదని కోరుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ తలుపు ఈరోజు కదిలితే ఈవిడ మళ్ళీ ఇల్లు దాటరని నాకు భయంగా ఉంది.

హాలు మెట్ల మీద ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. కారును చూడగానే "టీచరుగారు" అని ఒకరికొకరు చెప్పుకుని లేచి నిలబడ్డారు. మామగారు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తెరిచి పక్కన నిలబడ్డారు. అత్తగారు రెండు కాళ్ళూ బయట పెట్టారు. రెండు చేతులతో అంచు పట్టుకున్నారు. పట్టుకుని ఆగిపోయారు.

"తియ్యండి" అన్నారు, మెట్ల మీదివాళ్ళకు వినబడనంత నెమ్మదిగా.

"ఏంటి?"

"చెయ్యి."

నేను వెనకనుంచి వంగి చూశాను. తలుపు అడుగున, బయటివాళ్ళకు కనబడకుండా, మామగారి అరచెయ్యి ఉంది. మోకాలు కాస్త వంచి, భుజం బిగించి, బరువు కోసం సిద్ధంగా ఉన్నారు. ఎప్పుడూ అలాగే నిలబడతారు. అది భార్యకు తలుపు తీసిపట్టే మర్యాద అనుకుని ఇన్నేళ్ళూ నేను ఆయన్ని చాటుగా ఆటపట్టించాను.

"ఇన్నాళ్ళూ కింద మీరు మోస్తున్నారని నాకు తెలీదా?" అన్నారు అత్తగారు. "మీ చెయ్యి నలుగుతుందని సగం బరువు ఈ మోకాళ్ళ మీదే వేసుకునేదాన్ని. ఇవాళ మొత్తం వేస్తాను. తియ్యండి."

ఆయన చెయ్యి తీశారు. ఆవిడ ఊపిరి బిగబట్టి, మొత్తం బరువు తలుపు మీద వేసి, ఒక్క ఊపున లేచారు. తలుపు కదల్లేదు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అత్తగారు చీర సర్దుకుని, మెట్ల దగ్గరికి నడుస్తూ, "ఆ చేతికుట్టేంటి, దారం అలా వదులుగా పోతోంది?" అని ఎవర్నో అప్పుడే కేకలేస్తున్నారు. మామగారు తలుపు మూయలేదు. ఖాళీ అయిన ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాల్లోనే పట్టుకుని, ఆవిడ లోపలికి వెళ్ళిందాకా అలాగే చూస్తూ నిలబడ్డారు.